పీఈటీ మెడలో ఏ విజిల్ ఉండాలి: గింజదా, గింజ లేనిదా?

నోటితో వేస్తే ఈల, రైలుదైతే కూత. గ్రౌండ్‌లో ఊదేది మాత్రం విజిలే. అందులో రెండు రకాలు.

గింజ విజిల్: బర్మింగ్‌హామ్‌లో జోసెఫ్ హడ్సన్ 1884లో తెచ్చిన ఆక్మే థండరర్ దీనికి పెద్దన్న. లోపల కార్కు బెరడు లేదా ప్లాస్టిక్ గింజ గిరగిర తిరుగుతూ గాలిని అడ్డుకుని వదులుతుంటుంది, ఆ 'టుర్ర్ర్' అక్కడిదే.
గింజ లేనిది: కెనడా బాస్కెట్‌బాల్ రిఫరీ రాన్ ఫాక్స్‌క్రాఫ్ట్ 1987లో తెచ్చిన ఫాక్స్ 40. మూడు గదులు, కొద్దిపాటి తేడా ఉన్న మూడు స్వరస్థాయిలు. అవి కలిసి కంపించే పదునైన మోత.

ధర: గింజ ఉన్న స్టీలు విజిల్ చవక. రెండోది ఖరీదు, పైగా నకిలీలు ఎక్కువ.

మొరాయింపు: అసలు తేడా ఇక్కడే. గట్టిగా ఊదితే గింజ ఇరుక్కుని, కీలకమైన ఫౌల్‌కి 'ఫుస్' అంటుంది. ఉమ్మి, దుమ్ము చేరినా అంతే. బెరడు గింజ తడిస్తే ఉబ్బుతుంది, కడిగాక రంధ్రం కిందికి పెట్టి పూర్తిగా ఆరనివ్వాలి. రెండోదాంట్లో ఇరుక్కోవడానికి ఏమీ లేదు. సబ్బునీళ్లలో ముంచి, విదిలించి, వెంటనే ఊదొచ్చు.

అదుపు: మెల్లగా, గట్టిగా, ఆపి ఆపి పలికించడానికి గింజదే హాయి. రెండోది ఇండోర్ హాల్లో చెవులకు చిల్లులు పొడుస్తుంది.

డ్రిల్లుకీ, చిన్నపిల్లల పీటీకీ గింజది చాలు. కబడ్డీ టోర్నీ, వానలో ఫుట్‌బాల్, ఈతకొలను కాపలా అయితే గింజ లేనిదే కొనండి.