హన్మకొండలో మా లింకులకు జాబిక్స్: ఏడాది వాడాక

హన్మకొండలో నెట్ కనెక్షన్లు ఇచ్చే చిన్న ఆఫీసు మాది, కాజీపేట, పరకాల, నర్సంపేట వైపు లింకులున్నాయి. ఇదివరకు కస్టమర్ ఫోన్ చేస్తేనే లింకు పడిందని తెలిసేది. ఏడాదిగా జాబిక్స్ వాడుతున్నాం, ఇది నెట్‌వర్క్ లింకులను, పరికరాలను ఎప్పటికప్పుడు గమనించే సాఫ్ట్‌వేర్. లైసెన్స్ ఖర్చు లేదు, పాత కంప్యూటర్లో లైనక్స్ వేసి ఎక్కించాం.

దీని అసలు బలం గ్రాఫ్. మొన్న వానల్లో పరకాల వైపు రోజూ సాయంత్రం నెట్ నెమ్మదిస్తోందని ఒకటే గొడవ, అందరూ ఫైబర్‌నే అనుమానించారు. ట్రాఫిక్ గీత చూస్తే ఏడింటికి లేచి 940 ఎంబీపీఎస్ దగ్గర కత్తితో కోసినట్టు చదునైపోయింది, పది దాటాక గానీ దిగలేదు. అంటే లింకు నిండిపోయింది, కేబుల్ తప్పేం లేదు! ఆ స్క్రీన్‌షాట్ చూపించాకే పైనుంచి లైన్ ఇచ్చేవాళ్లు కెపాసిటీ పెంచారు.

కొత్తగా పెట్టేవాళ్లు గిగాబిట్ పోర్టుకు 32 బిట్ కౌంటర్ (పోర్టు గుండా పోయిన డేటాను లెక్కపెట్టే మీటర్ లాంటిది) మాత్రం వాడొద్దు, ఫుల్ లోడ్‌లో అది 34 సెకన్లకే నిండి మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది, గ్రాఫ్ అంతా తప్పే. ఎస్ఎన్ఎంపీ (పరికరాల నుంచి ఈ లెక్కలు తెచ్చుకునే పద్ధతి) వెర్షన్ 2సీలో 64 బిట్ కౌంటర్ తీసుకోండి. ఐదు నిమిషాలకోసారి కొలిస్తే చిన్న చిన్న స్పైకులు సగటులో కలిసిపోతాయి కాబట్టి ముఖ్యమైన లింకులకు 30 సెకన్లు పెట్టాం. డేటాబేస్ మాత్రం గబగబా పెరుగుతుంది, డిస్క్ చూసుకోవాలి.

నేర్చుకోడానికి రెండు వారాలు పట్టింది, టెంప్లేట్ల (ఏ పరికరంలో ఏం కొలవాలో చెప్పే రెడీమేడ్ సెట్టింగులు) దగ్గర ఓపిక కావాలి. ఇప్పుడు అర్ధరాత్రి నర్సంపేట స్విచ్ పడిపోయినా టెలిగ్రామ్‌లో అలర్ట్ వస్తుంది, కస్టమర్ లేచేలోపే మనిషిని పంపిస్తున్నాం.