కంట్రోల్ ప్యానెల్ మీద ఆక్రిలిక్ షీటు: నాలుగేళ్లు వాడిన తర్వాత

మొదటి ఆక్రిలిక్ (గాజులా కనిపించే గట్టి ప్లాస్టిక్) షీటు చివరి నట్టు బిగిస్తుండగా పగిలింది. చప్పుడు పెద్దగా ఏమీ రాలేదు, గోటితో బల్ల మీద తట్టినంత. జాయ్‌స్టిక్ బోల్టు దగ్గర పుట్టిన సన్నటి వెండి గీత నేను చూస్తుండగానే అంచు దాకా పాకింది. రెండు రోజుల పని వృథా అయింది. దాని తర్వాత వేసిన రెండో షీటు నాలుగేళ్లుగా నా వీడియో గేముల కంట్రోల్ ప్యానెల్ మీదే ఉంది. ఈ సమీక్ష దాని గురించే.

ప్యానెల్ నేను ఇంట్లో చేసుకున్నది. 18 మి.మీ. మందం ఎం.డి.ఎఫ్. (చెక్క పీచును నొక్కి చేసిన పలక) చెక్క, పొడవు 700 మి.మీ., వెడల్పు 300. ఇద్దరు ఆడడానికి రెండు జాయ్‌స్టిక్కులు, ఒక్కొక్కరికి ఆరేసి బటన్లు, పైవరుసలో స్టార్ట్ బటన్లు రెండు. చెక్క మీద ముద్రించిన బొమ్మ, దాని మీద 3 మి.మీ. మందం ఆక్రిలిక్. మొదట్లో బొమ్మను కప్పకుండానే వదిలేశాను. పది రోజులు తిరక్కుండా అరచేతులు ఆనే చోట చెమటకు రంగు లేచిపోయింది.

ఆక్రిలిక్ తీసుకోవాలా, పాలీకార్బొనేట్ అనే ఇంకో రకం పారదర్శక ప్లాస్టిక్ తీసుకోవాలా అన్నది అందరికీ వచ్చే ప్రశ్న. ఒక్కరు ఆడే చిన్న పెట్టె ఇంకొకటి చేసి దానికి పాలీకార్బొనేట్ వేశాను కాబట్టి రెండింటినీ పక్కపక్కన పెట్టి చెప్పగలను. పాలీకార్బొనేట్‌ను సుత్తితో కొట్టినా పగలదు, మామూలు డ్రిల్ బిట్టుతో రంధ్రం వేసినా ఓర్చుకుంటుంది. కానీ దాని పైచర్మం మెత్తన. రెండేళ్లకే ఉంగరాల గీతలు, గోళ్ల గీతలు పడి బొమ్మ మీద పల్చటి పొగ పట్టినట్టు కనిపిస్తోంది. ఆక్రిలిక్ మీద కూడా గీతలు పడ్డాయి, అయితే వాటిని వెతికి చూడాలి. పడిన వాటిలో పైపైవి పాలిష్ పూసి రుద్దితే పోయాయి. పాలీకార్బొనేట్‌కు అలా మెరుపు తిరిగి రాదు. నా ఓటు ఆక్రిలిక్‌కే, కాకపోతే రంధ్రాల పని ఓపికగా చేసేవాళ్లకు మాత్రమే.

అసలు కథంతా రంధ్రాల్లోనే ఉంది. మొదటిసారి చెక్కకు వాడే బిట్టునే ఆక్రిలిక్‌కూ వాడాను. ఆ బిట్టు అడుగు వైపు బయటికొచ్చే క్షణంలో షీటును కొరికి పైకి లాగుతుంది, రంధ్రం చుట్టూ కంటికి కనపడని బీటలు మిగులుతాయి. వాటిలో ఒకటే తర్వాత నట్టు బిగింపుకు తెరుచుకుంది. రెండోసారి పద్ధతి మార్చాను. చెక్కలో రంధ్రాలన్నీ ముందే పూర్తి చేసి, షీటును దాని మీద క్లాంపులతో గట్టిగా పట్టించి, ప్రతి రంధ్రం మధ్యలో మెట్లుమెట్లుగా వెడల్పయ్యే బిట్టుతో చిన్న దారి చేశాను. తర్వాత బేరింగు ఉన్న రూటర్ (చెక్క అంచులు కోసే యంత్రం) బిట్టు దించితే ఆ బేరింగు చెక్క రంధ్రం గోడను ఆనుకుని తిరుగుతూ ఆక్రిలిక్‌ను అదే కొలతకు కోసేసింది. అంచులూ అంతే, చెక్కే అచ్చు. ఇక్కడ షీటు రకం కూడా చూసుకోవాలి. పోతపోసి చేసిన ఆక్రిలిక్ పొడిపొడిగా రాలుతుంది. యంత్రంలోంచి నెట్టి తీసిన చవక రకం వేడికి కరిగి బిట్టుకు జిగురులా చుట్టుకుంటుంది. నేను రెండింటి మీదా చేయి కాల్చుకున్నాను, ఒకసారి నిజంగానే.

అక్కడితో ఆగలేదు. గుండ్రటి కర్రకు గరుకు కాగితం చుట్టి ప్రతి రంధ్రాన్నీ అర మిల్లీమీటరు చొప్పున చుట్టూ వదులు చేశాను. ఆక్రిలిక్ వేడికి బాగా వ్యాకోచిస్తుంది. 20 డిగ్రీల తేడాకు 700 మి.మీ. షీటు దాదాపు ఒక మిల్లీమీటరు పెరుగుతుంది, కింద చెక్క మాత్రం అంత కదలదు. రంధ్రం బిగుతుగా ఉంటే ఆ మిల్లీమీటరు పోవడానికి చోటుండదు, పగులుగా తేలుతుంది. బటన్ తల అంచు రంధ్రం కంటే వెడల్పు కాబట్టి ఈ వదులు బయటికి కనపడదు. నట్లను చేత్తో తిప్పి, ఆగిన చోట వదిలేశాను. స్పానర్ ముట్టుకోలేదు.

జాయ్‌స్టిక్ బోల్టుల విషయంలో నాది పూర్తిగా తెలివితక్కువ పని. మెడ చదరంగా, తల గుండ్రంగా ఉండే బోల్టులను మొదటి షీటులోంచి దించాను. ఆ చదరపు మెడ గుండ్రటి రంధ్రంలో ఇరుక్కుని నాలుగు మూలలా ఒత్తింది. ఇప్పుడు జాయ్‌స్టిక్ చెక్కకే బిగించి ఉంది, బోల్టు తలలు బొమ్మ కింద చెక్కలోకి దిగి ఉన్నాయి. షీటును పట్టి ఉంచేది పద్నాలుగు బటన్లే. ఈ నాలుగేళ్లలో అది ఎక్కడా లేవలేదు, గలగలలాడలేదు.

పైన 3 మి.మీ. వచ్చిందంటే జాయ్‌స్టిక్ కర్ర అంత పొట్టి అయినట్టే. మొదటి వారం చేతికి ఏదో వెలితిగా తోచింది గానీ ఎందుకో అర్థం కాలేదు. ప్యానెల్ అడుగున జాయ్‌స్టిక్ కూర్చునే గుంటలో 9 మి.మీ. చెక్క మిగిల్చాను, దాన్ని 6కు తగ్గించాక పట్టు కుదిరింది. బటన్ల పొడవూ ముందే కొలుచుకోవాలి. 30 మి.మీ. రంధ్రంలో నొక్కితే టక్కున కూర్చునే బటన్లు సన్నటి లోహపు పలకల కోసం చేసినవి. చెక్క, ఆక్రిలిక్ కలిపి 21 మి.మీ. అయినప్పుడు వాటి కొక్కేలు ఎక్కడా పట్టవు. పొడవాటి మర ఉండి, నట్టుతో బిగించేవే కావాలి.

బొమ్మను మొదట మెరుపు కాగితం మీద ముద్రించాను. ఆక్రిలిక్ దానికి అంటుకున్న చోటల్లా తడి మరకల్లాంటి మచ్చలు కనిపించాయి. ఎంత తుడిచినా పోకపోతే నీళ్లు దిగాయేమోనని అంతా విప్పి చూశాను, కాగితం ఎండిన ఆకులా పొడిగా ఉంది. నున్నటి తలాలు రెండు అతుక్కున్నప్పుడు వచ్చే వెలుగు మాయ అది. మెరుపులేని కాగితానికి మారాక మళ్లీ రాలేదు. జిగురు వాడలేదు కాబట్టి బొమ్మను ఇప్పటికి రెండుసార్లు మార్చాను. బటన్లు విప్పి తిరిగి బిగించడానికి ఒక పూట పడుతుంది, తీగలకు చీటీలు కట్టి ఉంచితే.

షీటు మీది రక్షణ పొర లాగినప్పుడు పుట్టే స్థిర విద్యుత్తు గదిలోని దుమ్మునంతా పిలుస్తుంది. చెక్కపొట్టు రాలిన గదిలోనే దాన్ని లాగాను. ఫలితంగా రెండో ఆటగాడి మూడో బటన్ పక్కన ఒక వెంట్రుక లోపల చిక్కి, బొమ్మ మార్చే దాకా రెండేళ్లు కాపురం చేసింది. వచ్చినవాళ్లందరూ దాన్ని వేలితో తుడవబోయేవారు.

ఇక నష్టాలు. పై దీపం వెలిగిస్తే షీటులో దాని ప్రతిబింబమే ముందు కనపడుతుంది, దీపాన్ని పక్కకు జరపాల్సి వచ్చింది. గంటసేపు ఆడితే అరచేయి చెక్క మీద జారినట్టు దీని మీద జారదు, అంటుకుంటుంది. ముందు అంచు మణికట్టును కోస్తుంది కాబట్టి దాన్ని ఏటవాలుగా అరగదీసి, 220, 400, 800 నంబరు కాగితాలతో నున్నగా చేశాను. మంటతో మెరుగుపెట్టే పద్ధతి జోలికి పోలేదు, అది అంచులో ఒత్తిడి మిగిల్చి తర్వాత బీటలు తెస్తుంది. దుమ్ము లోపలికి పోకుండా జాయ్‌స్టిక్ కర్రకు ఉండే బిళ్ల ఆక్రిలిక్ మీద మసక వలయం గీసింది. నా వైపు వలయం ముదురుగా, ఎదుటివారి వైపు లేతగా ఉంది. ఎవరు ఎక్కువ ఆడారో దాచలేం.

అన్నిటికన్నా పెద్ద దెబ్బ గత ఏడాది తగిలింది. ఒక స్నేహితుడు మర్యాదకు చేతులు తుడుచుకునే శానిటైజర్‌తోనే ప్యానెల్ కూడా తుడిచాడు. కొన్ని వారాలకు రెండో బటన్ రంధ్రం చుట్టూ సాలెగూడు లాంటి సన్నటి బీటలు తేలాయి. ఒత్తిడి ఉన్న చోట ఆల్కహాల్ తగిలితే ఆక్రిలిక్ అలాగే విచ్చుతుంది, అమ్మోనియా ఉండే అద్దాల ద్రవాలతోనూ అదే ప్రమాదం. నేను వాడేది సబ్బు నీళ్లు, మెత్తటి గుడ్డ. ఆ బీటలు బటన్ అంచు కింద నుంచి మూడు మిల్లీమీటర్లు బయటికి వచ్చి ఆగాయి. పక్కనే పెన్సిల్‌తో చుక్క పెట్టి నెలకోసారి చూస్తున్నాను. ఇంకా చుక్క దాటలేదు.