చింతగింజంత నీలం పెట్టె: బోర్న్స్ 3296 మల్టీటర్న్ ప్రీసెట్

నలభై అయిదు రూపాయల ప్రీసెట్‌కు, అంటే స్క్రూ తిప్పి కరెంటుకు అడ్డు పెంచుకోవడానికీ తగ్గించుకోవడానికీ వీలున్న బుల్లి రెసిస్టరుకు, సమీక్ష ఏమిటని మా ఇంట్లో నవ్వారు. నవ్వనివ్వండి. దీనికంటే చవకైనదాన్ని నమ్ముకుని నేను ఒక గ్రాఫిక్స్ కార్డును చంపుకున్నాను. అందుకే రాస్తున్నాను.

పాత కార్డులు కొనుక్కొచ్చి వాటి చేత ఎంత వేగం పలికించగలనో చూడటం నా ఆదివారాల పిచ్చి. ప్రస్తుతం బల్ల మీద ఉన్నది 2007 అక్టోబరులో వచ్చిన జీఫోర్స్ 8800 జీటీ. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల బజారు సీటీసీలో పాత సామాను మధ్య దుమ్ము కొట్టుకుని ఉంటే ఆరు వందలకు తెచ్చాను. దాని కోర్, అంటే బొమ్మలు గీసే ప్రధాన చిప్పు, అసలు వేగం 600 మెగాహెర్ట్జ్. సాఫ్ట్‌వేర్‌తో పెంచుకుంటూ పోతే 675 దగ్గర మొండికేసింది. ఆపైన ఒక్క మెట్టు ఎక్కించినా తెర మీద రంగురంగుల చుక్కలు. ఇక మిగిలిన దారి వోల్టేజి పెంచడమే. ఈ కార్డుకు ఆ పని నేను టంకంతోనే చేయాలనుకున్నాను.

సంగతి తెలియనివారి కోసం రెండు ముక్కలు. కార్డు మీద వోల్టేజిని నియంత్రించే చిప్పు ఒకటి ఉంటుంది. తాను బయటికి పంపుతున్న వోల్టేజిలో కొంత భాగాన్ని అది ఫీడ్‌బ్యాక్ పిన్ను దగ్గర వెనక్కి తెచ్చుకుని సరిచూసుకుంటుంది. ఆ పిన్నుకూ గ్రౌండుకూ (సున్నా వోల్టుల వైపు) మధ్య మనం ఇంకో రెసిస్టరు కలిపితే దానికి కనబడే లెక్క తగ్గుతుంది. తక్కువ పోతోందనుకుని అది మరింత పంపుతుంది. తక్కెడలో రాళ్లుండే పళ్లెం అడుగున చింతపండు అంటించామనుకోండి, కొట్టువాడు తనకు తెలియకుండానే సరుకు ఎక్కువ పోస్తాడు. ఇదీ అంతే. ఎంత చింతపండు అంటించాలో తేల్చేదే ఈ ప్రీసెట్.

నిరుడు ఇదే పని ఒక 9600 జీటీ కార్డు మీద చేసినప్పుడు పది రూపాయల ఒంటి చుట్టు ప్రీసెట్ వాడాను. దాని మొత్తం యాభై కిలో ఓమ్‌లూ (ఓమ్ అంటే రెసిస్టెన్సు కొలత) ముప్పావు చుట్టులో అయిపోతాయి. స్క్రూడ్రైవరు వెంట్రుకవాసి కదిలితే వేల ఓమ్‌లు మారిపోతాయి. నేను తిప్పాను, లోపలి ముల్లు జారి సున్నా వైపు వెళ్లింది, తెర నల్లబడింది. కాలిన వాసన కూడా రాలేదు. ఫ్యాను మాత్రం ఏమీ ఎరగనట్టు తిరుగుతూనే ఉంది.

అందుకే ఈసారి కోఠీలోని గుజరాతీ గల్లీకి వెళ్లి బోర్న్స్ 3296 అడిగాను. మొదటి కొట్టులో పన్నెండు రూపాయలకే ఇచ్చారు. అదే నీలం, అదే ఆకారం. ఇంటికి తెచ్చి మల్టీమీటరు పెట్టి తిప్పుతుంటే అంకెలు సాఫీగా దిగడం మానేసి ముందుకూ వెనక్కూ గంతులేశాయి. ఒకచోట క్షణంపాటు మీటరు పూర్తిగా తెగిపోయినట్టు చూపించింది. అది నకలు. తర్వాతి వారం మరో కొట్టు పెద్దాయన డబ్బా తెరుస్తూ "రేడియో బాగుచేస్తున్నారా సార్?" అని అడిగారు. కంప్యూటర్ కార్డుకని చెబితే చిత్రంగా చూసి, పక్కమీద అచ్చు స్పష్టంగా ఉన్నదాన్ని ఏరి ఇచ్చారు. దాని మీద 503 అని ఉంటుంది. అంటే యాభై వేల ఓమ్‌లు.

మొత్తం దూరాన్ని ఇది ఇరవై అయిదు చుట్లకు పరుస్తుంది. చుట్టుకు రెండు వేల ఓమ్‌లు. తిప్పుతుంటే అంకె నూనెలో జారినట్టు దిగుతుంది. చివరికి చేరితే స్క్రూ బిగుసుకుపోదు, చిన్నగా టిక్కు టిక్కుమంటూ ఊరికే తిరుగుతుంది. చెవితోనే తెలిసిపోతుంది, కాబట్టి బలం పెట్టి విరగ్గొట్టే ప్రమాదం లేదు. కార్డు వేడెక్కినా విలువ పెద్దగా మారదు. డిగ్రీకి పది లక్షల్లో వంద పాళ్లు అని తయారీదారు పత్రం చెబుతోంది. కానీ అదే పత్రంలో ఆయుష్షు 200 సార్లు అని మాత్రమే ఉంది. రోజూ తిప్పి ఆడుకునే వస్తువు కాదన్నమాట.

ఫీడ్‌బ్యాక్ పిన్నుకూ గ్రౌండుకూ మధ్య, కార్డుకు కరెంటు లేనప్పుడు, నా మీటరు 1.1 కిలో ఓమ్ చూపించింది. దానికి ఇరవై రెట్ల ప్రీసెట్ తీసుకోవాలన్నది పాత లెక్క. ఆ ప్రకారం ఇరవై కిలో ఓమ్‌లది చాలు. అయితే ఒకసారి చేయి కాలినవాణ్ణి, అందుకే యాభైది తీసుకుని, దానికి వరుసలో 8.2 కిలో ఓమ్ మామూలు రెసిస్టరు కూడా కలిపాను. ప్రీసెట్ పొరపాటున సున్నాకు వెళ్లినా ఆ రూపాయి రెసిస్టరు అడ్డం నిలబడుతుంది. టంకం పెట్టే ముందు ప్రీసెట్‌ను పూర్తి విలువకు తిప్పి, మీటరుతో రెండుసార్లు చూసుకున్నాను. తీగలు రెండు అంగుళాలకు మించనివ్వలేదు. పొడవైతే ఆ పిన్ను చుట్టుపక్కల విద్యుత్ రొదనంతా పట్టుకుంటుంది.

ఇక తిప్పడం. టంకానికి ముందు 1.10 వోల్టులు. టంకం పెట్టగానే 1.12. పది చుట్లు తిప్పితే 1.13. పదిహేను చుట్లకు 1.14. ఇంతేనా అని విసుగొచ్చింది. ఇక్కడే జాగ్రత్తగా ఉండాలి. ఇరవైకి 1.17, ఇరవై మూడుకు 1.20. మొదటి పదిహేను చుట్లకు పెరిగినదానికంటే ఆ తర్వాతి అయిదు చుట్లకు ఎక్కువ పెరిగింది. రెసిస్టెన్సు తగ్గే కొద్దీ దాని పట్టు పెరుగుతుంది మరి. ఒంటి చుట్టు దానితో ఈ చివరి భాగం ఎక్కడ మొదలైందో కూడా నాకు కనబడలేదు. ఇక్కడ పావు చుట్టు తిప్పి, మీటరు చూసి, టీ ఒక గుక్క తాగి, మళ్లీ తిప్పే తీరిక దొరికింది. ఇరవై మూడు దగ్గర ఆపేశాను. చివరి రెండు చుట్లూ తిప్పితే 1.25 వరకు పోతుందని లెక్క చెబుతోంది. ఆ కోరికను చంపుకున్నాను.

ఇప్పుడు కోర్ 756 మెగాహెర్ట్జ్ దగ్గర నిలబడింది, కార్డును పూర్తి బరువుతో పరీక్షించే ఫర్‌మార్క్ ప్రోగ్రాము అరగంట నడిచింది. ఉచితంగా ఏమీ రాలేదు. వేడి వోల్టేజి వర్గంతో పెరుగుతుంది, దానికి వేగం తోడు. 675 దగ్గర ఉన్నప్పటితో పోలిస్తే కోర్ తినే వాట్లు మూడో వంతు పెరిగి ఉంటాయి. ఈ కార్డుతో వచ్చే సన్నటి కూలర్ మామూలు వోల్టేజికే ఉడికిపోయేది. దాన్ని ముందే తీసేసి పెద్దది పెట్టాను, కరెంటు మలిచే మాస్‌ఫెట్‌ల మీద చిన్న అల్యూమినియం ముక్కలు అంటించాను. అంత పని చేయనివారు ఈ ప్రీసెట్ జోలికి రావద్దు. వారంటీ ఉన్న కార్డు మీద అసలే వద్దు.

అయిదుకు నాలుగున్నర ఇస్తాను. తగ్గిన అర మార్కు నిజానికి నాది. 3296లో డబ్ల్యూ రకం తెచ్చాను. దాని స్క్రూ పై ముఖాన ఉంటుంది. కార్డు మీద చిప్పులున్న వైపే జిగురుతో నిలబెట్టాను. తీరా కేబినెట్‌లో బిగిస్తే ఆ వైపు కిందికి తిరిగింది, స్క్రూ నేల చూస్తోంది. ఇప్పుడు పావు చుట్టు సవరించాలన్నా పక్కకు తిరిగి పడుకుని టార్చి పళ్ల మధ్య పట్టుకోవాల్సి వస్తోంది. స్క్రూ పక్కన ఉండే ఎక్స్ రకం అదే కొట్టులో, అదే డబ్బాలో, పక్క గదిలోనే ఉంది.