వీలునామా కోసం వెళ్తే ముందు పాత కాగితాలు తెమ్మన్నారు

అనంతపురంలో టవర్ క్లాక్‌కు దగ్గర్లో ఉన్న లాయర్ దగ్గర మా నాయన వీలునామా రాయించినాం. నాయన ఆలోచన సింపుల్: ఇల్లు అక్కకు, శెనక్కాయ చేను నాకు. లాయర్ మాత్రం పెన్ను పట్టకుండా చేను ఎట్ల వచ్చిందని అడిగినారు. తాత నుంచి వచ్చిందంటే, మొత్తం ఒకరికి రాసేదానికి కుదరదు, అందులో నాయన వాటా వరకే వీలునామా చెల్లుతుందన్నారు. ఎన్టీఆర్ హయాంలో వచ్చిన 1986 చట్టం అప్పటికి పెళ్లికాని ఆడపిల్లలకు ఇట్లాంటి తాతల ఆస్తిలో హక్కు ఇచ్చిందని, 2005 సవరణతో దేశమంతా కూతుళ్లకూ కొడుకులతో సమానంగా వచ్చిందని అక్క ఎదురుగానే చెప్పినారు. నాకు కొంచెం టెన్షన్ అయింది, నిజం చెప్పాలంటే!

ఇల్లు ఇప్పుడే గిఫ్ట్ డీడ్ చేసేద్దామని నేనంటే, అట్ల చేస్తే ఈరోజే మీ నాయన చేయి దాటిపోతుంది, వీలునామా అయితే బతికున్నన్నాళ్లూ ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చని చెప్పి వద్దన్నారు. గిఫ్ట్ డీడ్ అయితే ఆయనకు ఫీజు ఎక్కువే వచ్చేది. ఇద్దరు సాక్షులు తప్పనిసరి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాకపోయినా, రేపు సంతకం నాయనది కాదని ఎవరైనా అంటే పనికొస్తుందని సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు పంపినారు.

చెప్పిన టైముకు మాత్రం దొరకరు. ఎనభై దాటిన మనిషిని మెట్లెక్కించి రెండు గంటలు బెంచీ మీద కూర్చోబెట్టినారు, ఫ్యాన్ కూడా సరిగ్గా తిరగదు. పెద్దవాళ్లను తీసుకుపోయేవాళ్లు ముందు ఫోన్ చేసి పోండి.