మలాశయ క్యాన్సర్ బయాప్సీలో సిడి8 కణాల లెక్క: క్యూపాత్‌పై ఒక పాథాలజిస్టు సమీక్ష

మలాశయ క్యాన్సర్‌కు రేడియేషన్ మొదలుపెట్టక ముందు తీసిన బయాప్సీలో సిడి8 టి కణాలు (క్యాన్సర్ కణాలను చంపగల రోగనిరోధక కణాలు) దట్టంగా ఉంటే, ఆ కణితి చికిత్సకు మెరుగ్గా లొంగే అవకాశం ఉందని పలు అధ్యయనాలు చూపాయి. రేడియేషన్ దెబ్బకు చనిపోయే క్యాన్సర్ కణాలు ప్రమాద సంకేతాలు వదులుతాయి. వాటిని అందుకున్న డెండ్రిటిక్ కణాలు (మరో రకం రోగనిరోధక కణాలు) ఉసిగొల్పితే, మిగిలిన కణితిపై పడేది ఈ సిడి8 కణాలే. ఇంత ముఖ్యమైన లెక్కను కంటి అంచనాతో ‘ఒక మోస్తరు’ అని రాసి వదిలేయడం నాకు మొదటి నుంచీ నచ్చదు. ఇద్దరు పాథాలజిస్టుల ‘మోస్తరు’ ఒకటి కాదు.

అందుకే క్యూపాత్ వాడతాను. బెల్‌ఫాస్ట్‌లోని క్వీన్స్ యూనివర్సిటీలో రూపొంది, 2017లో పరిశోధన పత్రంగా వెలువడిన ఈ సాఫ్ట్‌వేర్ పూర్తిగా ఉచితం. స్కాన్ చేసిన స్లైడులో కేంద్రకాలకు పట్టే హెమటాక్సిలిన్ నీలాన్ని, సిడి8 కణాలను చూపే డిఎబి గోధుమ రంగును వేరు చేస్తుంది. కేంద్రకాలను ఒక్కొక్కటిగా గుర్తించి, మనం పెట్టిన హద్దు దాటి గోధుమ రంగు పట్టిన కణాల చుట్టూ ఎర్ర గీత, మిగతావాటికి నీలి గీత గీస్తుంది. చదరపు మిల్లీమీటరుకు ఎన్ని కణాలో చెబుతుంది. నాకు అన్నిటికన్నా నచ్చింది ఆ గీతలే. అంకె మీద అనుమానం వస్తే స్లైడును పెద్దది చేసి, ఏ కణాన్ని లెక్కించిందో, దేన్ని వదిలేసిందో కళ్లారా చూసుకోవచ్చు. ఒక స్లైడు మీద చేసిన పనిని స్క్రిప్టుగా దాచుకుని మిగతా స్లైడులన్నిటికీ అదే కొలత వర్తింపజేయవచ్చు.

అయితే కణితి హద్దు గీయడంలో బాధ్యత మనదే. మలాశయ బయాప్సీ ముక్కలు చాలా చిన్నవి. పక్కనున్న మామూలు పొరలోని లింఫ్ కణాల గుంపు ఒక్కటి హద్దులోకి వచ్చినా అంకె అమాంతం పెరిగిపోతుంది. ఫోర్సెప్స్ నలిపేసిన చోట కేంద్రకాలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి, ముక్క అంచుల్లో గోధుమ రంగు ఊరికే పేరుకుంటుంది. వీటిని చేత్తో తీసేయాల్సిందే. అందుకు ఓపిక లేనివారు ఈ లెక్క జోలికి వెళ్లకపోవడమే మంచిది.

ఇది పరిశోధనకు ఉద్దేశించిన సాధనం. ఇచ్చిన అంకెను బట్టి రోగికి రేడియేషన్ ఇవ్వాలా వద్దా అని తేల్చకూడదు. కాకపోతే సిడి8 కణాలు అసాధారణంగా దట్టంగా కనిపిస్తే, మిస్‌మ్యాచ్ రిపేర్ ప్రొటీన్ల (డిఎన్ఏ నకలులో తప్పులు సరిదిద్దేవి) పరీక్ష జరిగిందో లేదో వెంటనే చూస్తాను; అవి లోపించిన కణితుల్లో ఈ కణాలు తరచూ దట్టంగా ఉంటాయి. ఆ లోపం ఉన్న మలాశయ క్యాన్సర్లలో డోస్టార్లిమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందు ఒక్కదానితోనే మొదటి 12 మందిలోనూ కణితి కనిపించకుండా పోయిందని 2022లో వెల్లడైంది. వారెవరికీ రేడియేషన్ గానీ శస్త్రచికిత్స గానీ అవసరం కాలేదు.

కొత్తగా మొదలుపెట్టేవారికి ఒక సూచన: ఒకే విడతలో రంగు వేసిన స్లైడులకే గోధుమ రంగుకు ఒకే హద్దు వాడండి. విడత మారితే, టాన్సిల్ కంట్రోల్ స్లైడు (రంగు సరిగా పట్టిందో తెలిపే నమూనా) చూశాకే లెక్కకు దిగండి.