బడికి సెకండ్ హ్యాండ్ కంప్యూటర్లు కొనేవాళ్లు జాగ్రత్త: ఒక్కటి చూపించి తొమ్మిది అంటగట్టాడు

సికింద్రాబాద్‌లో స్కూళ్లకు పాత కంప్యూటర్లు అమ్మే షాపులు టీచర్లలో చాలామందికి తెలుసు. అలాంటి ఒక షాపులోనే మొన్న శనివారం మా ల్యాబ్‌కి పది సిస్టమ్స్ తీసుకున్నాను. ఒక్కోటి 14,500, మొత్తం 1,45,000. నిన్న పెట్టెలు విప్పినప్పటి నుంచి మనసు మనసులో లేదు.

మాది 250 మంది దాటిన జెడ్పీ హైస్కూల్. బడి ఖర్చులకి ప్రభుత్వం నుంచి ఏడాదికి వచ్చే కాంపోజిట్ గ్రాంట్ 75,000. చాక్‌పీసులు, రిపేర్లు, మరుగుదొడ్ల శుభ్రం అన్నీ అందులోనే. అందులోంచి 25,000 పక్కన పెడితే, పాత టెన్త్ బ్యాచ్ వాళ్లు 1,20,000 పోగేసి ఇచ్చారు. వాళ్లలో ఆటో నడిపేవాళ్లున్నారు, దుబాయ్‌లో కూలికి పోయినవాళ్లున్నారు. ఆ డబ్బుతో కొత్తవి మూడో నాలుగో వస్తాయి, పాతవైతే పది మంది పిల్లలు ఒకేసారి కూర్చోవచ్చనుకున్నాం.

షాపులో ఆన్ చేసి చూపించిన దాంట్లో ఉన్నది నిజంగానే ఎనిమిదో జనరేషన్ ఐ5 ప్రాసెసర్ (జనరేషన్ నంబరు పెరిగేకొద్దీ కొత్తదని లెక్క). విండోస్ 11 చకచకా ఓపెన్ అయింది. "మిగతావన్నీ ఇదే లాట్ సార్, ప్యాక్ చేసి ఉన్నాయి" అన్నాడు. డబ్బు మొత్తం కట్టేశాను. ఇంటికి మిక్సీ కొన్నా ఆన్ చేసి చూసుకుని తెచ్చుకునేవాణ్ణి, నలుగురి డబ్బుతో కొనేటప్పుడు ఎందుకు చూడలేదో! తప్పు నాదే.

నిన్న ఆరో తరగతి అమ్మాయి తడిగుడ్డతో సీపీయూ తుడుస్తుంటే స్టిక్కర్ జారింది. "సార్, దీని కింద ఇంకోటుంది" అంది. గోరుతో గీకితే పాత ఐ5 స్టిక్కర్ బయటపడింది. ఆన్ చేసి సెట్టింగ్స్‌లో అబౌట్ తెరిస్తే ఐ5-3470 అని ఉంది. మూడో జనరేషన్, 2012 నాటిది. ఆ పాప పుట్టకముందుది. వరసగా అన్నీ పెట్టి చూశాం, పదింటిలో తొమ్మిది అవే. ఇంత పాత ప్రాసెసర్‌కి విండోస్ 11 సపోర్ట్ లేదు. విండోస్ 10కేమో 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్ట్, అంటే ఉచిత సెక్యూరిటీ అప్‌డేట్లు, ఆగిపోయింది. ఇవన్నీ ఆ షాపతనికి నాకంటే బాగా తెలుసు.

అక్కడికక్కడే ఫోన్ చేశాను. చేతిలో కేబుల్స్ ఉన్నాయని స్పీకర్ ఆన్ చేశాను. మొదట చెక్ చేస్తానన్నాడు. నేను గట్టిగా అడిగేసరికి, "సర్కారు బడి పిల్లలకి ఇది చాలదా సార్? వాళ్లేమన్నా సాఫ్ట్‌వేర్లు రాస్తారా?" అన్నాడు.

పిల్లలు విన్నారు. తుడుస్తున్న పాప గుడ్డను బకెట్లో వేసి బయటికి వెళ్లిపోయింది.

డబ్బు సంగతి ఎలాగో తేల్చుకుంటాను. ఆ మాట మాత్రం నేను వదిలిపెట్టను. వాపసు తీసుకోమంటే బిల్లు వెనక చూసుకోమన్నాడు. అమ్మిన సరుకు తిరిగి తీసుకోబడదని స్టాంపు వేసి ఉంది. ముందువైపు 'యూజ్డ్ డెస్క్‌టాప్ - 10' అని తప్ప ప్రాసెసర్ నంబరే లేదు. రాసింది చూసుకోకుండానే జేబులో పెట్టుకుని వచ్చాను. ఈ ఉదయం 1915కి, అంటే వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫిర్యాదు చేశాను. ఊడిన స్టిక్కర్ల ఫొటోలు, షాపతను వాట్సాప్‌లో 'ఎనిమిదో జనరేషన్' అని పెట్టిన మెసేజ్ దాచి ఉంచాను.

మీరు కొంటుంటే ప్రతి సిస్టమ్ ఆన్ చేయించి నంబరు చూడండి. ఐ5 తర్వాత గీత పక్కన మొదటి అంకె 3 అయితే మూడో జనరేషన్, 8 అయితే ఎనిమిదో జనరేషన్. ఆ నంబరే బిల్లు మీద రాయించండి. సగం డబ్బు బడిలో అన్నీ ఆన్ అయ్యాకే ఇవ్వండి. ఇప్పటికే ఇలాంటివి నెత్తిన పడి ఉంటే విండోస్ బదులు ఉబుంటు వేసి చూడండి, అది లైనక్స్‌లో ఒక రకం, డబ్బులేం కట్టక్కర్లేదు. కేరళ సర్కారు బడుల్లో చాలా ఏళ్లుగా లైనక్స్ మీదే నేర్పుతున్నారు.

రేపు కమిటీ మీటింగ్ ఉంది. డబ్బులిచ్చిన బ్యాచ్ వాళ్లకి ఇంకా ఫోన్ చేయలేదు.