మిర్చి యార్డులో పరీక్షించి గుల్మార్గ్‌కు తీసుకెళ్లిన గాగుల్స్

మంచు మీద జారే స్కీ ఆట నేర్చుకుందామని, దానికి కావలసిన గాగుల్స్ కోసం హన్మకొండ చౌరస్తా చుట్టుపక్కల మూడు కళ్లద్దాల దుకాణాలు తిరిగాను. స్కీ గాగుల్స్ అనగానే ఒకరు ఈతకు వాడేవి తీశారు. ఇంకొకరు బైకు మీద వెళ్లేటప్పుడు పెట్టుకునేవి చూపించారు. మూడో ఆయన "మన దగ్గర మంచు ఎక్కడుంది సార్?" అని నవ్వి, టీ తెప్పించారు. సంక్రాంతి దాటితే మధ్యాహ్నానికి ఫ్యాను వేసుకునే ఊళ్లో ఆ నవ్వును తప్పుపట్టలేం. చివరికి ఆన్‌లైన్‌లో రెండు రకాలు తెప్పించాను, సరిపోనిది వెనక్కి పంపవచ్చని.

ఏది సరిపోతుందో తేల్చింది మా బావమరిది. వాడికి ఎనుమాముల మార్కెట్లో మిర్చి అడ్తి ఉంది. "అద్దం ముందు నిలబడితే ఏం తెలుస్తుంది బావా? అవి పెట్టుకుని మా యార్డుకు రండి" అన్నాడు. అప్పుడప్పుడే కొత్త పంట దిగుతోంది. చపాటా రకం మిర్చి రాశి దగ్గర నిలబెడితే లాభం లేదు, దాని పేరంతా రంగుకే గానీ ఘాటుకు కాదు. ఘాటైన తేజ రకం బస్తాలు విప్పుతున్న చోటికి తీసుకెళ్లాడు. మొదటి జతతో నిమిషం గడవకముందే కుడి కంటి మూల భగ్గుమంది. ఫోనులో చూసుకుంటే ముక్కుకూ స్పాంజికీ మధ్య పెన్ను దూరేంత సందు. ఎత్తైన ముక్కు దూలాన్ని దృష్టిలో పెట్టుకుని చేసిన గాగుల్స్ మనలో చాలామందికి అక్కడే వదులవుతాయి. ముక్కు దగ్గర స్పాంజి మందంగా ఉండే 'లో బ్రిడ్జ్' రకం విడిగా దొరుకుతుంది. నా రెండో జత అదే. పై అంచున గాలి రంధ్రాలు ఉంటాయి కనుక ఘాటు బొత్తిగా రాలేదని చెప్పను. తుమ్ములైతే ఆగనే లేదు. కళ్లు మాత్రం అయిదు నిమిషాలు తెరిచే ఉంచగలిగాను. హమాలీలు పని ఆపి మరీ చూశారు.

నాకు కళ్లజోడు ఉంది. అందుకని కణతల దగ్గర కళ్లజోడు కాడలు పట్టేలా స్పాంజిలో గాడి ఉన్నదే తీసుకోవలసి వచ్చింది. హెల్మెట్ పెట్టుకుని చూడటం మరచిపోవద్దు. హెల్మెట్ అంచుకూ గాగుల్స్‌కూ మధ్య నుదురు కనిపిస్తే చల్లగాలి నేరుగా అక్కడే కొడుతుంది. హెల్మెట్ కిందికి నొక్కితే గాగుల్స్ ముక్కు మీదికి జారి ఊపిరి ఆడదు. ఇంట్లో బైకు హెల్మెట్‌తో చూసుకుని తృప్తిపడ్డాను, అది పొరపాటు. స్కీ హెల్మెట్ ఆకారమే వేరు.

ఎక్కడికి వెళ్లాలన్నది పెద్దగా ఆలోచించలేదు. ఉత్తరాఖండ్‌లోని ఔలీ అందంగా ఉంటుంది గానీ రిషికేశ్ నుంచి రోజంతా కొండదారి. జోషీమఠ్ నుంచి పైకి వెళ్లే రోప్‌వే 2023 జనవరిలో ఊరు కుంగినప్పుడు ఆగింది. మనాలీ దగ్గరి సోలంగ్‌లో స్కీ నేర్చుకునేవారి కంటే ఫొటోలు దిగేవారే ఎక్కువ. గుల్మార్గ్ అయితే శ్రీనగర్ నుంచి యాభై కిలోమీటర్లే. కాజీపేటలో రైలెక్కి హైదరాబాద్ చేరి, అక్కడి నుంచి విమానాల్లో ఢిల్లీ మీదుగా శ్రీనగర్ వెళ్లాం.

బస దగ్గర పొదుపు చేసి దెబ్బతిన్నాం. మొదటి రెండు రాత్రులు కింద టంగ్‌మార్గ్‌లో దిగాం. అద్దె తక్కువ, భోజనం బాగుంది, పొద్దున ఉప్పు వేసిన గులాబీ రంగు చాయ్ ఇచ్చారు. (ఒక్క గుటక తాగి మా బావమరిది చక్కెర అడిగాడు.) అయితే పైకి పదమూడు కిలోమీటర్ల ఘాట్ రోడ్డు, మంచు పడితే టైర్లకు గొలుసులు కట్టిన బండి కోసం ఎదురుచూపులు. రెండు రోజులూ స్కీ వాలు చేరేసరికి పదకొండయింది. మూడో రోజు గుల్మార్గ్‌లోనే గది తీసుకున్నాం. గది వేడిచేసే కట్టెల పొయ్యి, బుఖారీ, రాత్రి రెండింటికి ఆరిపోయినా, పొద్దున తొమ్మిదికల్లా మంచు మీద ఉన్నాం. నేర్చుకోవడానికి వెళ్లేవారు పైనే దిగాలని నా అభిప్రాయం.

కేబుల్ కారు మొదటి అంచె కొంగ్‌దూరీ, మూడు వేల మీటర్ల పైచిలుకు. రెండో అంచె అఫర్వట్ మీద దాదాపు 3,950 మీటర్లకు చేరుస్తుంది. నాలాంటివారు అక్కడికి చూడటానికే వెళ్లాలి.

వెలుతురు సంగతి నాకు నిజంగా అర్థమైంది కొంగ్‌దూరీలోనే. ఎండ కాసిన రోజు ముదురు లెన్స్ పెట్టుకున్నాను, కాంతిని 15 శాతమే లోపలికి రానిచ్చేది. హాయిగా ఉంది. మర్నాడు మబ్బు కమ్మింది. నీడ అన్నదే లేదు. మంచూ ఆకాశమూ ఒకటే తెలుపు, పత్తి గుట్టలో తల దూర్చినట్టు. ఎదురుగా మోకాలెత్తు దిబ్బ ఉన్నా నా కంటికి కనిపించలేదు, కాళ్లకే తెలిసింది. నేను బోర్లా పడ్డాక శిక్షకుడు వచ్చి, లేపడానికి ముందు నా గాగుల్స్ వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. జేబులోంచి లేత గులాబీ లెన్స్ తీసి మార్చుకున్నాను. అది 55 శాతం కాంతిని రానిస్తుంది. అదే దిబ్బ అంచున సన్నటి బూడిదరంగు గీత తేలింది. చుట్టూ వెలుతురు పెరిగిందని కాదు, ఎత్తుపల్లాల తేడా తెలిసింది. లెన్స్ అయస్కాంతంతో అతుక్కునే రకం కావడం కలిసొచ్చింది. గాడిలో నొక్కి బిగించే రకమైతే మొద్దుబారిన వేళ్లతో అయ్యే పని కాదు. ఎండను బట్టి దానంతటదే రంగు మారే లెన్సులు కూడా ఉన్నాయి గానీ, చలిలో అవి తిరిగి లేతబడటానికి ఎక్కువ సేపు పడుతుంది.

ఆ రోజే ఇంకో తెలివితక్కువ పని చేశాను. విరామంలో గాగుల్స్ నుదుటి మీదికి నెట్టాను. చెమట ఆవిరికి లోపలంతా మసక. మంకీ క్యాపుతో రుద్ది తుడిచాను. ఆవిరి పట్టకుండా వేసిన పూత లోపలి వైపే ఉంటుందట. రుద్దిన మేర పోయింది. నీటి చుక్కలను దులిపి, మెత్తటి గుడ్డతో అద్ది వదిలేయాల్సింది.

స్కీలూ బూట్లూ అద్దెకు తీసుకోవడంలో ఇబ్బంది లేదు, నాలుగు జతలు తొడిగి చూడనిస్తారు. గాగుల్స్ మాత్రం వద్దు. మా బావమరిది అద్దెకు తీసుకున్న దాని స్పాంజి పిండి పిండిగా రాలుతోంది, పట్టీ సాగిపోయింది. మూడుసార్లు జారాక విసుగొచ్చి జేబులో పెట్టుకుని, ఎండలో ఉత్త కళ్లతో తిరిగాడు. కొత్త మంచు అతినీలలోహిత కిరణాలను 80 శాతం దాకా వెనక్కి కొడుతుంది, ఎత్తుకు వెళ్లేకొద్దీ వాటి తీవ్రత కూడా పెరుగుతుంది. పగలు వాడికేమీ తెలియలేదు. రాత్రి భోజనాల దగ్గర కళ్లు ఎర్రబడి ధారలు కట్టాయి.

"మిర్చి పడినట్టుంది బావా" అన్నాడు, ఇరవై ఏళ్లుగా యార్డులో ఉన్నవాడు.

దీపం ఆర్పి, తడిగుడ్డ వేసి పడుకోబెట్టాను. ఆ మర్నాడు కూడా గదిలోనే ఉండి, రెండో రోజుకు తేరుకున్నాడు.

వరంగల్ వచ్చాక నా గాగుల్స్ ఒకసారి అడిగి తీసుకెళ్లాడు. మొన్న యార్డుకు వెళితే, గులాబీ లెన్స్ బిగించుకుని తేజ రాశి పక్కన కాటా చూస్తున్నాడు. స్పాంజి అంచంతా ఎర్రగా ఉంది. ఎప్పుడిస్తావని అడిగితే, సీజను అయ్యాక చూద్దామన్నాడు.